సోమవారం పలక

"సోమవారం వచ్చిందంటే చాలు, ఈ పిల్ల బట్టల మీద పడతాది. మిగతా రోజుల్లో సబ్బు నురగ రాదా ఏంది?"

మా అత్త శ్యామలమ్మగారు వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఈ మాట అనని సోమవారం లేదు. పెళ్లయి గిద్దలూరు వచ్చి పది నెలలైంది. "అలవాటు అత్తయ్యా" అని నేను చెప్పని సోమవారమూ లేదు. ఆ అలవాటు ఎక్కడిదో ఆవిడకి తెలియక కాదు. ఇంటికి ఎవరొచ్చినా "మా కోడలు ఫారిన్‌లో ఒకటిన్నర సంవత్సరం దేవుని సేవ చేసొచ్చింది" అని గొప్పగా చెబుతుంది. అదే ఊపులో "షారోనూ, టీ పెట్టమ్మా" అంటుంది. వచ్చినవాళ్లు నా సేవ గురించి నన్ను ఒక ప్రశ్న అడిగేలోపు నేను స్టవ్వు దగ్గర ఉంటాను.

ఇవాళ బకెట్‌లో మామగారి పంచెలు, మా ఆయన ఆనంద్ ప్యాంట్లు, దుప్పట్లు. నావి రెండే రెండు నైటీలు. నేను సేవ చేసిన ఇలోయిలో ఊళ్లో నా బకెట్‌లో అన్నీ నా బట్టలే ఉండేవి. రెండు స్కర్టులు, నాలుగు జాకెట్లు, సైకిలు తొక్కి తొక్కి మట్టి పట్టిన సాక్సులు. వాటిని రుద్దుతూ గడియారం వంక చూసేదాన్ని. మూడున్నర కావాలి. అక్కడ మూడున్నర అయితే మార్కాపురంలో ఒంటిగంట. మా అమ్మకి ఫ్యాక్టరీలో అన్నాల బెల్లు.

హైదరాబాదులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో ఒక అమ్మాయి నన్ను వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. ఆ చర్చివాళ్లను బయటివాళ్లు మోర్మన్లు అంటారు. నేను అందులో చేరాను, రెండేళ్ల తర్వాత మిషన్‌కి, అంటే ఊరుగాని ఊళ్లో మత ప్రచార సేవకి, పేరిచ్చాను. ఆడపిల్లలకు పద్దెనిమిది నెలలు, ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. నన్ను ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోకు పంపారు. జతకి ఒక తోటి సిస్టర్ ఎప్పుడూ పక్కనే ఉండాలి. ఇంటికి ఫోను వారానికి ఒక్కరోజు. సోమవారం. ఆ రోజే బట్టలు ఉతుక్కోవడం, కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి మాట్లాడుకోవడం. ఈ నియమం విని మా పక్కింటి కృష్ణవేణమ్మత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"వారానికి ఒక్కసారంటనే! అది సేవనా, జైలా? కరుణమ్మా, బిడ్డ గొంతు మర్చిపోతావు సూడు."

"ఆరు రోజులు దాచిపెట్టుకుంటాలే వదినా. ఏడో రోజు అన్నీ చెప్పుకుంటా" అంది మా అమ్మ.

దాచిపెట్టుకుంది కూడా. ఎక్కడంటే, పలక మీద. మా అమ్మ ఇరవై రెండేళ్లుగా పలకల ఫ్యాక్టరీలో రాయి నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించే పని చేస్తోంది. లక్షల పలకలు ఆమె చేతుల మీదుగా పోయాయి గానీ ఒక్కదాని మీద అ ఆలు దిద్దలేదు. మా నాయన పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అప్పటినుంచీ నన్ను చదివించడమే ఆమె చదువు. అందుకని బొమ్మలు గీసేది. మూల విరిగిందని పక్కన పడేసిన ఒక పలకను ఇంటికి తెచ్చుకుని తలుపు వెనక మేకుకు తగిలించింది. వారంలో నాకు చెప్పాల్సింది ఏది తట్టినా దాని మీద ఒక గీతో బొమ్మో పడాల్సిందే.

సోమవారం దాన్ని సంచిలో పెట్టుకుని పనికి పోయేది. వీడియోలో ముందు పలక కనబడేది, తర్వాత అమ్మ ముఖం. పన్ను బొమ్మ అంటే పన్ను పీకించుకుంది. బిందె అంటే నాలుగు రోజులుగా కుళాయి రాలేదు. తెగిన చెప్పు, ఎదురింటి మల్లి వాళ్ల మేక ఈనిన రెండు పిల్లలు, ఒకసారి మీసాలు మాత్రమే. అది కొత్త సూపర్‌వైజర్. చెప్పిందాన్ని చెప్పినట్టు తడివేలితో చెరిపేసేది. నా జత సిస్టర్ మగ్బానువా పక్కనే మా వైపు వీపు తిప్పి కూర్చుని బూట్లు తుడుచుకునేది. తెలుగు ముక్క రాదు. అయినా అమ్మ మీసాల బొమ్మ చూపించినప్పుడు నాకంటే ముందు తనే నవ్వింది. "ఆ పాప తిన్నాదా?" అని అమ్మ ప్రతి వారం అడిగేది.

ఆ గంటలో ఒక వరస ఉండేది. చిన్నవన్నీ ముందు. చివరికి పలక మీద ఒక్క బొమ్మ మిగిలేది, దాన్ని చెప్పడానికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నీళ్లు తాగి, కాసేపు అటూ ఇటూ చూసేది. వేలు ఫ్యాక్టరీ యంత్రంలో పడి గోరు పోయిన సంగతి అట్లనే చెప్పింది. నాయన గుర్తొచ్చి రెండు రోజులు అన్నం తినని సంగతీ అట్లనే. యాభై నిమిషాలు చిల్లర కబుర్లు చెప్పుకుంటే తప్ప ఆ చివరిది మా అమ్మ నోట రాదు. నాకూ అంతే. ఇంటి మీద బెంగతో నేను ఏడ్చిన వారాలన్నీ ఆఖరి పది నిమిషాల్లోనే బయటపడ్డాయి. మిషన్‌కి పోకముందు ఇరవై మూడేళ్లలో మా అమ్మ నాకు ఇంతగా తెలియదు. దాదాపు ఐదు వేల కిలోమీటర్ల అవతల, వారానికి ఒక్క గంటలో తెలిసింది.

తిరిగొచ్చాక గిద్దలూరు సంబంధం వచ్చినప్పుడు అందరూ అదే మాట. గిద్దలూరేగా, కంభం దాటితే వచ్చేస్తాది, బస్సెక్కితే రెండు గంటలు, ఇంక రోజూ మాట్లాడుకోవచ్చు తల్లీ కూతుళ్లు. నేనూ నమ్మాను.

పెళ్లయిన మొదటి వారం ఫోను తీసుకుని గదిలోకి వెళ్లబోతే అత్తయ్య "మాకు తెలియని మాటలేముంటాయమ్మా, స్పీకర్ పెట్టు, నేను గూడా వదిన్ని పలకరిస్తా" అంది. ప్రేమగానే అంది. అప్పటినుంచీ స్పీకరే. నేను పోపు వేస్తుంటాను, ఫోను ఉప్పు డబ్బాకి ఆనుకుని ఉంటుంది. "తిన్నావామ్మా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా. అత్తమ్మ బాగుండాదా?" "బాగుంది." ఐదు నిమిషాలు. అమ్మ తనంతట తను చెయ్యదు. అల్లుడింటికి మాటిమాటికి ఫోను చేస్తే బాగుండదని ఆమె లెక్క.

ఆనంద్ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. చెడ్డవాడు కాడు. ఒకసారి అతనితో అన్నాను, అమ్మతో తీరిగ్గా మాట్లాడాలని ఉందని.

"మాట్లాడద్దన్నానా నేను? పని అయినాక మాట్లాడుకో" అన్నాడు.

నిజమే, ఎవరూ వద్దనలేదు. ల్యాబ్‌లో పని చూసుకుంటానంటే కూడా వద్దనలేదు, "ముందు ఇల్లు అలవాటు కానీ" అన్నారు. ఇంట్లో పని అయిపోవడమంటే ఏమిటో నాకు పది నెలలుగా అర్థం కాలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసరికి మామగారి టీ, ఆ తర్వాత ఎండిన బట్టలు, మడతలు, రాత్రికి రొట్టెలు. మిషన్‌లో వారానికి ఒక్కసారే అని నియమం ఉండేది, ఆ గంటను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఇక్కడ ఏ నియమమూ లేదు. గంటా లేదు.

మొన్న శనివారం టీచర్ల మీటింగ్ ఉండి ఆనంద్ మార్కాపురం వెళ్లాడు. పనిలో పనిగా మా అమ్మను చూసొచ్చాడు, నాకు సంతోషమే. నిన్న పొద్దున దోసెలు తింటూ ఆ కబుర్లు చెప్పాడు.

"మీ అమ్మ తలుపెనక ఒక పలక పెట్టుకుంది చూడు, సందు లేకుండా పిచ్చి గీతలు. రెండుపక్కలా! చీమలంత బొమ్మలు. నవ్వొచ్చింది నాకు. అంతా శుభ్రంగా తుడిచి నా ఫోన్ నంబరు పెద్ద పెద్ద అంకెలేసి రాసిచ్చినా. షారోన్‌తో ఏమన్నా ఉంటే నాకు చెయ్యండత్తా, నేను చెప్తాలే అన్నా."

"అమ్మ ఏమంది?" అన్నాను.

"ఏమంటాది? సరే నాయనా అంది. ఇంకో దోసె ఉందా?"

వేశాను. పెనం మీద పిండి తిప్పుతూ లెక్కేసుకున్నాను. పది నెలలు. నేను ఫోనులో తిన్నా, బాగున్నా అని చెబుతూ పోతే, ఆమె నాకు చెప్పాల్సినవి చెరపకుండా పక్కపక్కనే ఇరికించుకుంటూ, చోటు చాలక చిన్నవి చేసుకుంటూ వచ్చింది. నేను పలక సంగతే మర్చిపోయాను. ఆనంద్ మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిన కోపమే ఎక్కువ.

ఇవాళ ఆఖరి దుప్పటి ఆరేసి చూస్తే పన్నెండూ యాభై. చేతులు తుడుచుకుని, ఫోను తీసుకుని గదిలోకి నడిచాను.

"అన్నాలు పెట్టవా?" అంది అత్తయ్య.

"అన్నీ వండి టేబుల్ మీద పెట్టాను అత్తయ్యా. వడ్డించుకోండి. నేను మా అమ్మతో మాట్లాడాలి. రెండింటికి వస్తాను."

"ఏమైంది మీ అమ్మకి?"

"ఏం కాలేదు. ఇవాళ సోమవారం."

గడియ పెట్టాను. ఈ గదికి గడియ ఉందని పగటిపూట నాకు ఎప్పుడూ గుర్తుకు రాలేదు. ఒంటిగంటకు వీడియో కాల్ చేశాను. అమ్మ ఫ్యాక్టరీలో చెట్టు కింద క్యారియర్ ముందు పెట్టుకుని ఉంటుందనుకున్నాను. ఇంట్లోనే ఉంది. తలుపు పక్కనే కూర్చుని ఉంది.

"పనికి పోలేదా?"

"ఒంట్లో నలతగా ఉంటే పోలేదమ్మా. ఈ టైమప్పుడు చేసినావేంది? ఎవురికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. గంటసేపు మాట్లాడదామని. గదిలో ఒక్కదాన్నే ఉన్నా. పలక మీదవి చెప్పు."

అమ్మ ముఖం చిన్నబోయింది. "తుడిచిపోయినాయి గదమ్మా. అల్లుడు తెలీక తుడిచినాడులే, ఏమనొద్దు. శానా ఉండె. ఏవీ గుర్తులేవు."

"గుర్తొచ్చినకాడికి చెప్పు."

మొదలుపెట్టింది. కృష్ణవేణమ్మత్త కోడలి కాన్పు. మీసాల సూపర్‌వైజర్ మానేశాడు. మల్లి మేకల్లో ఒకటి తప్పిపోయి అర్ధవీడు దారిలో దొరికింది. కాళ్ల వాపులు. నేను నవ్వాను, నవ్వినందుకు ఏడుపొచ్చింది. బయట ఒకసారి తలుపు కొట్టారు. మామగారి దగ్గు వినబడింది. నేను లేవలేదు. ఒంటిగంటా యాభై అయింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నీళ్లు తాగింది.

"చివరి బొమ్మ ఏందమ్మా?" అన్నాను.

"అదేం లేదులే. మొట్టమొదటి వారం గీసింది అదే. ఒక పిల్లను గీసినా. నువ్వే. నీకు చెప్పేది గాదు అది, నిన్ను అడిగేది. అందరూ వింటాంటే ఎట్లడిగేదని ఉంచుకున్నా." ఆగి, ఫోను దగ్గరికి జరిగింది. "బాగుండావా నువ్వు?"

"లేనమ్మా" అన్నాను.

పది నెలల్లో ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది. అమ్మ ఏడవలేదు, సర్దుకుపొమ్మనీ అనలేదు. చెయ్యి చాపి తలుపు వెనక మేకు నుంచి పలక దించి ఒళ్లో పెట్టుకుంది. వచ్చే వారం ఇదే టైముకు చేస్తానని, ల్యాబ్‌లో పని సంగతి అప్పుడు చెబుతానని అన్నాను.

"మరి దీని మీద అల్లుడు రాసిన నంబరుండాది గదా?"

"తుడిచెయ్యమ్మా" అన్నాను. "సోమవారానికి చోటు కావాల."