పట్టాలకు ఇవతలి కుర్చీ

నేను ఒక క్షవరం కుర్చీని. ఇప్పుడు దొరికే రేకు సరుకును కాదు. తెల్ల పింగాణీ పూత, ఎర్ర తోలు మెత్తలు, కాలితో మీట తొక్కితే నూనె పంపు మీద మెల్లగా పైకి లేచే నడుము, ఇదీ నా వైభవం. సెయింట్ లూయిస్‌లో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, 1956లో రైలెక్కి, కాన్సాస్ రాష్ట్రంలో వింటన్ గ్రోవ్ అనే చిన్న నగరానికి వచ్చాను. నన్ను తెప్పించుకున్న బార్బరు పేరు ఆర్విడ్ లిండ్‌క్విస్ట్. ఆయన తాతలు గోధుమలు పండించుకుందామని స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు. నాకు పుట్టుకతోనే అసూయ ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తరవాత మీరు కనిపెట్టి నవ్వడం ఎందుకు?

ఆ ఊరిని రైలు పట్టాలు రెండుగా కోశాయి. ఇవతల స్వీడన్‌వాళ్ళూ, జర్మన్లూ, కాసినిమంది ఐరిష్‌వాళ్ళూ. అవతల రైల్వే పనికి వచ్చి స్థిరపడిన నల్లవాళ్ళూ, వాళ్ళ పక్క వీధిలో మెక్సికన్లూ. ఎవరు ఏ రంగో, ఎంతమందో రాసుకోవడానికి జనాభా లెక్కలవాళ్ళు పదేళ్ళకోసారి కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. అంత శ్రమ దేనికో నాకు అర్థమయ్యేది కాదు. సాయంత్రం నా కాళ్ళ దగ్గర ఊడ్చే వెంట్రుకలు చూస్తే చాలదా? అన్నీ గోధుమగడ్డి రంగువే. కొన్ని ఎర్రవి, కొన్ని నెరిసినవి. ఊరంటే ఇంతే అనుకునేదాన్ని.

నేను వచ్చిన మరుసటి వేసవిలో ఒక ఉదయం, సైనికుడి దుస్తుల్లో ఉన్న ఒక నల్ల యువకుడు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మధ్యాహ్నం నా పెళ్ళండీ. మా వైపు షాపు ఇవాళ తియ్యలేదు. కాస్త జుట్టు కత్తిరిస్తారా?"

షాపులో ఇంకెవరూ లేరు. నేను ఖాళీగానే ఉన్నాను. ఆర్విడ్ దువ్వెన తుడుస్తూ, తలెత్తకుండా, "ఆ జుట్టు నాకు తెలీదు బాబూ" అన్నాడు. మా ఊళ్ళో మర్యాదస్తులు 'కుదరదు' అనరు, 'తెలీదు' అంటారు. ఆ యువకుడు నావంక ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా ఎర్ర తోలు మాయకుండా మిగిలిందని నేను సంతోషించాను. ఈ మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

పదిహేడేళ్ళ తరవాత ఆర్విడ్‌కు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒకాయన కోటు వేసుకుని హుందాగా వచ్చి నిలబడ్డాడు. నల్లవాడందామంటే జుట్టు సాఫీగా ఉంది. తెల్లవాడందామంటే ఒంటి రంగు ఒప్పుకోదు. మెక్సికన్ అందామంటే యాస అది కాదు. ఆర్విడ్ ఆయన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ మీరు ఏమిటి?"

"డాక్టర్ని. నిన్న మీ బావమరిదికి అపెండిక్స్ తీసింది నేనే."

ఆయన్ను పట్టాలకు ఏ వైపు వెయ్యాలో తోచక ఆర్విడ్ నా మీద దుమ్ము దులిపాడు. రాజమండ్రి నుంచి వచ్చిన డాక్టర్ అవధాని అలా నా మీద కూర్చున్నాడు. ఆ రోజు నా కాళ్ళ దగ్గర మొదటిసారి నిగనిగలాడే నల్ల వెంట్రుకలు పడ్డాయి.

ఇంతలో ఊరి శివార్లలో పశువుల మాంసం ఫ్యాక్టరీ పెట్టారు. చలిగదుల్లో కత్తి పట్టుకుని పది గంటలు నిలబడే పని. దానికోసం వియత్నాం నుంచి వచ్చారు, మెక్సికో నుంచి వచ్చారు, లావోస్ నుంచి వచ్చారు. ఆర్విడ్ పాత గిరాకీ మాత్రం ఒక్కొక్కరే స్మశానానికి మకాం మార్చారు. 1986లో బైపాస్ రోడ్డు వేస్తూ పట్టాల అవతల ఒక వీధి పడగొట్టారు. ఆ వీధిలో షాపు పోగొట్టుకున్న క్లీవన్ గేన్స్ అనే నల్ల బార్బరు మా దగ్గరికి వచ్చి, తన కుర్చీ వేసుకోవడానికి చోటిస్తారా అని అడిగాడు. ఆర్విడ్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. చివరికి సరేనన్నాడు.

గేన్స్ తెచ్చుకున్న కుర్చీని చూసి నేను నవ్వుకున్నాను. ఆకుపచ్చ రెక్సిన్, చిరిగినచోటల్లా టేపు ముక్కలు. నా నవ్వు మూడు వారాలు నిలిచింది. ఆ తరవాత జనం మొదలయ్యారు. గేన్స్‌కు ఉంగరాల జుట్టూ వచ్చు, నిటారుగా నిలిచే జుట్టూ వచ్చు, పల్చటి బంగారు జుట్టూ వచ్చు. బెంచీ మీద చోటు లేక గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళు. "నేను ఖాళీయే, రండి" అని ఆర్విడ్ పిలిస్తే, "పర్లేదండీ, ఆగుతాం" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆఖరికి డాక్టర్ అవధాని కూడా, "మీ చెయ్యి మంచిదే ఆర్విడ్, కాకపోతే ఇతని కబుర్లు ఇంకా బావుంటాయి" అని ఆ టేపు ముక్కల మీదికి మారాడు. దాని రెక్సిన్ నిండా చెమట మరకలు. నా తోలు అద్దంలా మెరిసేది. మెరిసి ఏం లాభం?

నా అసూయే ఆర్విడ్‌కు పట్టుకుందో, ఆయనదే నాకు పట్టుకుందో తెలియదు. రెండేళ్ళు ఓర్చుకుని, ఒక శుక్రవారం సాయంత్రం గేన్స్ ఇంటికి వెళ్ళాక, ఆర్విడ్ పానా తీసుకుని ఆ ఆకుపచ్చ కుర్చీ కింద కూర్చున్నాడు. పంపు మర వదులు చేసి, నూనెంతా కాఫీ డబ్బాలోకి వంచేశాడు. దాని నడుము చతికిలబడింది. నేను చూస్తూనే ఉన్నాను. కిర్రుమని కూడా అనలేదు. లోలోపల పండగ చేసుకున్నాను.

శనివారం పొద్దున్న గేన్స్ మీట తొక్కాడు. కుర్చీ లేవలేదు. వంగి, నేల మీద నూనె చుక్కను వేలితో తీసి వాసన చూశాడు. ఆర్విడ్ పదునైన కత్తినే మళ్ళీ పదును పెట్టుకుంటున్నాడు. బెంచీ మీద అప్పటికే అయిదుగురున్నారు.

"నా కుర్చీకి నడుం పడిపోయింది. ఇవాళ్టికి మీది వాడుకుంటాను. మీకు ఎలాగూ ఎవరూ లేరు కదా" అన్నాడు గేన్స్.

ఆర్విడ్ కత్తి పెట్టేసి పక్కకు జరిగాడు.

మొదట ఒక వియత్నాం ఆయన కూర్చున్నాడు. ఫ్యాక్టరీ చలికి వాచిన వేళ్ళతో నా చేతులు పట్టుకుని, గుడ్డ కప్పేలోపే నిద్రపోయాడు. తరవాత ఒక మెక్సికన్ పెద్దాయన కూతురి పెళ్ళి కబుర్లు చెబుతూ ఏడిచాడు. ఆ తరవాత పట్టాల అవతలి చర్చి పెద్ద. ఆయన నవ్వుకు నా పంపు లోపల నూనె కదిలింది. ముప్ఫై రెండేళ్ళు నేను ఊరిని మోస్తున్నాననుకున్నాను. ఊరి బరువు నాకు ఆ రోజు తెలిసింది. సాయంత్రం ఊడుస్తుంటే ఏ వెంట్రుక ఎవరిదో విడదీయడం నావల్ల కాలేదు.

అందరూ వెళ్ళాక గేన్స్ నన్ను శుభ్రంగా తుడిచి, తనే కూర్చున్నాడు.

"నా పెళ్ళిరోజున ఇందులో కూర్చుందామని వచ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. మీకు గుర్తుండదులెండి."

ఆర్విడ్ చీపురు గోడకు ఆనించాడు. "గుర్తుంది. నువ్వు చోటడగడానికి వచ్చిన రోజే గుర్తుపట్టాను."

"అయితే కత్తిరించండి."

"ఆ జుట్టు నాకు..." అని ఆర్విడ్ ఆగిపోయాడు.

"నేర్పుతాను. మిషన్ కిందినుంచి పైకి పోనివ్వండి. తొందరేం లేదు."

ఆర్విడ్ మిషన్ అందుకున్నాడు. ఎడమ చెవి వెనక కాస్త ఎక్కువే గొరిగేశాడు. గేన్స్ అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు.

"పెళ్ళికైతే పనికిరాదు. రేపు చర్చికి చాలు."

"క్లీవన్, ఆ నూనె... నేనే..."

"తెలుసు. సోమవారం మీరే పొయ్యండి."

సోమవారం ఆర్విడ్ మోకాళ్ళ మీద కూర్చుని నూనె పోశాడు. ఆకుపచ్చ కుర్చీ లేచి నిలబడింది, జనం దాని దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఇద్దరూ స్నేహితులయ్యారు. నా సంగతే ఎవరూ పట్టించుకోలేదు. అంతకుముందు నా ఏడుపు ఉత్త ఏడుపు. ఇప్పుడు ఏ మనిషి ఎంత బరువో, ఎవరు ఎలా నవ్వుతారో తెలిసి ఏడవడం. ఇది మరీ కష్టం.

2001లో ఆర్విడ్ పోయాడు. షాపు గేన్స్‌దయింది. నగర మ్యూజియంవాళ్ళు పాత కుర్చీ ఒకటి కావాలని వచ్చి, రెండింటినీ చూసి నన్నే ఎంచుకున్నారు. ఆ టేపు ముక్కలదాన్ని కాదన్నారు చూశారా అని గర్వంగా లారీ ఎక్కాను. ఎత్తయిన అరుగు మీద పెట్టి, చుట్టూ తాడు కట్టి, 'కూర్చోరాదు' అని బోర్డు తగిలించాక తెలివొచ్చింది. అక్కడ షాపులో ఆ టేపు ముక్కలది ఇంకా పని చేస్తోంది. ఈమధ్య సొమాలియా నుంచి వచ్చినవాళ్ళు కూడా దాని దగ్గరికే వెళ్తున్నారట.

నా పక్కన ఒక ఫలకం పెట్టారు: 'వింటన్ గ్రోవ్ పౌరులందరూ కూర్చున్న కుర్చీ.' కిందటి వారం గేన్స్ కర్ర ఊతంతో చూడ్డానికి వచ్చాడు. ఫలకం చదివి, అక్కడి ఉద్యోగినిని పిలిచాడు.

"అమ్మాయ్, ఇది మార్చాలి. రాసుకో. ముప్ఫై రెండేళ్ళు తెల్లవాళ్ళు మాత్రమే."

ఆమె కంగారుగా కాగితం తీసుకుంది. ఆయన కాస్త ఆలోచించాడు.

"ఒక డాక్టరుగారు కూడా. ఆ తరవాత ఒక్క శనివారం, అందరూ."

ఆమె రాసుకుంటోంది. ఆయన తాడు దాకా వచ్చి నావంక చూస్తూ నిలబడ్డాడు. ఈ తాడు ఒక లెక్కా, దాటి వచ్చి కూర్చోవయ్యా అని నా పంపంతా నోరు చేసుకుని అరిచాను. ఆయనకు కాళ్ళు లాగుతున్నట్టున్నాయి. అది చూసి ఆ అమ్మాయి, "అయ్యో, నిలబడిపోయారే" అంటూ గబగబా ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన "అమ్మయ్య" అనుకుంటూ దానిమీద చేరగిలబడ్డాడు.

ఆ ప్లాస్టిక్ కుర్చీని చూసి నేను కుళ్ళుకున్నాను.