తెల్లకోటు జేబులో

ఉతకడానికి తీసిన మొగుడి తెల్లకోటు జేబులో బిడ్డ చొక్కా ఉండచుట్టి దొరికింది. దాని ఒక పక్కన అరచేయంత గోధుమరంగు మరక. ఝాజియా వాసన చూసింది. అయోడిన్.

నెలలు నిండకుండా పుట్టిన కూతురు మేసూన్ ఊపిరి కోసం ఆసుపత్రి అద్దాలపెట్టెలో చాలా పోరాడింది. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టిన గాయం ఇంకా మానలేదు. ఊపిరందని ఇలాంటి పిల్లల్లో థైరాయిడ్ మొదట తక్కువగానే ఉంటుందనీ, మెల్లగా పుంజుకుంటుందనీ డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. పుంజుకుంది కూడా. ఇంటికొచ్చాక మళ్ళీ పడిపోయింది.

"గాయానికి అయోడిన్ గానీ పూస్తున్నారా? పసిచర్మం పీల్చేసుకుంటుంది, గ్రంథి పని మానేస్తుంది. ఇలాగే సాగితే బుద్ధి ఎదగదు" అని నిన్న ఆవిడ అడిగింది.

"ఉప్పునీళ్ళే" అన్నాడు మొగుడు నౌఫల్. ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్ళో మందులకొట్టు పెట్టి వాళ్ళ వీధికంతా మందులిచ్చేవాడు, అతని మాటకు ఎదురేముంది? కట్టు మార్చేటప్పుడు ఝాజియాను గదిలో ఉండనిచ్చేవాడు కాదు. "నీ చేతులు వణుకుతాయి, బయటికి పో."

ఇంటికి రాగానే అత్త అందుకుంది. "పొద్దున్నే థైరాయిడ్ మాత్ర మింగేదానివి! నీ జబ్బంతా పాలల్లో పోసి పట్టావు కదే!"

ఝాజియా మొగుడి వైపు చూసింది. "అమ్మ చెప్పిందీ ఆలోచించాల్సిందే. పాలు ఆపెయ్" అన్నాడు, బూట్లు విప్పుకుంటూ.

ఈ పొద్దున ఆమె వంటింటి తొట్టిలోకి పాలు పిండి పారబోసింది. తన ఒంట్లో విషముందని నమ్మి, బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే వింటూ పిండింది. కళ్ళు తుడుచుకుని, అదే చేత్తో అతని కోటు ఉతకడానికి తీసింది.

కుళాయి కట్టేసింది. మేసూన్‌ను ఎత్తుకుని రొమ్ముకు పట్టించింది. డాక్టరమ్మకు ఫోన్ కలిపి, కాఫీ తాగుతున్న నౌఫల్ ముందు చొక్కా పరిచింది.

కుస్‌కుస్ రవ్వ జల్లిస్తున్న అత్త చెయ్యి ఆగింది. "ఏంట్రా ఇది?"

"మీ అబ్బాయే చెప్తాడు, అత్తా. డాక్టరమ్మ కూడా వింటోంది."

నౌఫల్ ఆ చొక్కాను చూశాడు, పాలు తాగుతున్న కూతుర్ని చూశాడు.

"అయోడినే డాక్టర్. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ. చీము పడుతుందని భయం." గొంతు తగ్గించి భార్య వైపు తిరిగాడు. "నిన్న ఆవిడ అడగ్గానే నాకు తెలిసిపోయింది ఝాజియా. అమ్మ నిన్ను తప్పుపట్టింది. నువ్వూ నీదే తప్పనుకుని ఏడ్చావు. సరే, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను."