జాగ్రత్తండి

నల్లగండ్ల నుంచి గచ్చిబౌలి వెళ్లే ఆఫీసు బస్సులో భానుశ్రీ రోజూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక ధారావాహిక నాటకం వినేది. వినేది, తిట్టుకునేది. అందులో కాలాన్ని వెనక్కి తిప్పే గడియారం తయారుచేసింది అమృతవల్లి. తిరిగేది మాత్రం ఆవిడ మొగుడు సోమశేఖరం. కాకతీయుల కోటకీ ఆయనే, నిజాం దర్బారుకీ ఆయనే. ఆవిడ గుమ్మంలో నిలబడి "జాగ్రత్తండి" అంటుంది. అక్కడితో ఆవిడ పని సరి. రాసినవాడి చేతులు పడిపోను అనుకునేది భానుశ్రీ.

మరి తన సంగతి? ఆసుపత్రుల్లో ఎక్కడ మంచం ఖాళీ ఉందో చెప్పే యాప్ మొత్తం తనే రాసింది. ఇవాళ దాన్ని క్లయింటుకి చూపించబోయేది టీమ్ లీడ్ రవికిరణ్. ఎవరు చూపిస్తే ప్రాజెక్టు వాళ్ల చేతికే పోతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ ఉదయం నాటకంలో సోమశేఖరం బయల్దేరాడు గానీ "జాగ్రత్తండి" వినిపించలేదు. పక్క సీట్లో గంజి పెట్టిన చీర గరగరలాడింది. ఒళ్లో గడియారంతో అమృతవల్లి కూర్చుని ఉంది.

"అక్కడ నాకేం పని లేదమ్మా. నువ్వు నా తరఫున తిడుతుంటే వినబడింది, వచ్చాను," అంది.

డ్రైవర్ పెంటయ్య అద్దంలోంచి చూశాడు. "కార్డు లేకుంటే గేటు కాడ పాస్ రాయించుకోమ్మా, లోపలికి పోనియ్యరు."

ఆవిడ రాయించుకుంది.

మీటింగు గదిలో, తెర మీద క్లయింటు కనబడగానే రవికిరణ్ చెప్పాడు. "డెమో నేనిస్తా భానూ, నువ్వు నోట్స్ రాసుకో."

"సరేనండి," అంది భానుశ్రీ.

పక్క కుర్చీలో కూర్చున్న అమృతవల్లి గడియారం కీ వెనక్కి తిప్పింది. తాగేసిన కాఫీ కప్పులు నిండాయి. రవికిరణ్ మళ్లీ అదే మాట అన్నాడు. కాదందామనే భానుశ్రీ నోరు తెరిచింది. వచ్చింది మళ్లీ "సరేనండి." చిన్నప్పటి నుంచీ నోటికి పట్టిన మాట, అంత తేలిగ్గా వదులుతుందా? అమృతవల్లి తల కొట్టుకుని ఇంకోసారి తిప్పింది. ఒకే కాఫీ ఎన్నిసార్లు తాగాలని టెస్టింగ్ శిరీష విసుక్కుంది.

"కీ అరిగిపోయింది. ఇక తిరగదు," అంది అమృతవల్లి మెల్లగా.

"డెమో నేనిస్తా భానూ, నువ్వు నోట్స్ రాసుకో."

భానుశ్రీకి భయమేసింది. కోపం అంతకంటే ఎక్కువే వచ్చింది. మాట "సరే" దాకా వచ్చి ఆగింది.

"సరే కాదండి. రాసింది నేను, చూపించేదీ నేనే. నోట్స్ మీరు రాసుకోండి."

ఇప్పుడు ఇట్లంటే ఎట్లని రవికిరణ్ నసిగాడు. అప్పటికే ఆమె తన లాప్‌టాప్‌కి తీగ తగిలించేసింది. క్లయింటు అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. ఇకమీదట ఈ పని సంగతులు భానుశ్రీతోనే మాట్లాడతామని వాళ్లన్నారు. రవికిరణ్ ఆ మాట కూడా రాసుకున్నాడు.

సాయంత్రం బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంది. భానుశ్రీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. గంజి చీర గరగర వినబడింది. కొత్త కీ తిరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలోంచి సోమశేఖరం గొంతు బెరుగ్గా వినిపించింది.

"జాగ్రత్తండి."