అత్తగారి మందుకి పథ్యం

గంగాభవానికి ఆయాసం వచ్చిందంటే ఆదరణకి లోటుండేది కాదు. చలిగాలి తగలకూడదని అత్తగారు నారాయణమ్మ కిటికీలు మూసేది. చూడవచ్చిన ఆడవాళ్లు మంచం చుట్టూ మూగి తలొక చెయ్యీ వేసి వీపు రాసేవారు. ఆ పైన నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి. గదిలో అందరికీ చోటుండేది, ఒక్క గాలికి తప్ప. హార్బరు నుంచి ఎగిరొచ్చే ఎర్రధూళి ఆరేసిన చీరల మీద పడుతోందని పొద్దస్తమానం తిట్టే నారాయణమ్మకి, తన చేత్తో వేసిన పొగ మాత్రం ఔషధమే.

పోర్టు ఆఫీసులో గుమాస్తా అయిన భర్త గురునాథరావుకి సూది మీద నమ్మకం. ఆయాసం ముదిరితే వీధి చివరి డాక్టరు చేత సూది వేయించేవాడు. తగ్గేది. మళ్లీ వచ్చేది. మళ్లీ సూది.

ఒక వానాకాలంలో ఆ డాక్టరు పెళ్లికని ఊరెళ్లడంతో, గతిలేక ద్వారకా నగర్‌లో కొత్తగా బోర్డు కట్టిన శ్రీరామ్మూర్తి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన సూది ముట్టుకోలేదు. ప్రశ్నలడిగాడు. ఏ వేళప్పుడు వస్తుంది, ఇంట్లో పొగ తాగేదెవరు, తలగడలో దూది ఎన్నాళ్లనాటిది. చివరికి నోటితో మందు పీల్చుకునే పంపులు రెండు రాశాడు. ఒకటి ఊపిరి అందనప్పుడు పీల్చేది. రెండోది బాగున్నా సరే పొద్దునా సాయంత్రం పీల్చేది. తన ఎదుటే పీల్పించి, తప్పు చేస్తే మళ్లీ చేయించాడు.

"బాగుంది కదా అని మానెయ్యొద్దమ్మా. వాడుతున్నందుకే బాగుంటుంది. నెలనెలా వచ్చి చూపించుకోండి. ఇంట్లో పొగ పెట్టకండి" అన్నాడు.

మెట్లు దిగుతూ గురునాథరావు, "ఏటే, ఈయన డాక్టరేటి, ప్లీడరేటి? దూది వయసు అడుగుతాడేటి?" అన్నాడు.

ఇంటి దగ్గర నారాయణమ్మ పంపుని అటూ ఇటూ తిప్పి చూసింది. "రోగమొస్తే మందేసుకుంటారు గానీ, నవ్వుతా తిరుగుతన్నప్పుడు ఎందుకే? వాన లేనప్పుడు గొడుగేసుకుంటావేటి?"

గంగాభవాని నచ్చజెప్పబోయింది. ఎవరూ వినలేదు. తనే వంటింటి తలుపు చాటున నిలబడి పంపు వాడుకుంది. కొద్ది వారాల్లోనే, తలగడల కుప్పకి ఆనుకుని కూర్చునే అవసరం లేకుండా, మామూలు మనిషిలా వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అయితే సరిగ్గా అప్పుడే నారాయణమ్మ కన్నవారి ఊరి నుంచి అడ్డసరం ఆకు తెప్పించి, మిరియాలు దంచి వేసి, చేదు కషాయం పట్టించడం మొదలుపెట్టింది. ఆయాసం తగ్గించిన ఘనత ఎవరిదో వీధి వీధంతా ఒక్కమాటగా తీర్పు చెప్పింది.

"నా సేతి మందు" అని నారాయణమ్మ కోడల్ని వాకిట్లో నిలబెట్టేది. "ఏదీ, ఊపిరి తీసి సూపించవే. గట్టిగా."

గంగాభవాని తీసి చూపించేది.

జబ్బు పోయాక డాక్టరెందుకని గురునాథరావు తేల్చేశాడు. పంపులు అలవాటైపోతాయని నారాయణమ్మ వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. కోడలు బాగుపడిందన్న సంతోషంలో ఒక శుక్రవారం ఇల్లంతా రెట్టింపు సాంబ్రాణి వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఊపిరందక గోడ పట్టుకుని నిలబడ్డ గంగాభవానిని పక్కింటి చాంద్ సుల్తానా అప్పటికే రిక్షాలో ఎక్కించుకుని శ్రీరామ్మూర్తి దగ్గరికి తీసుకెళ్లింది.

మర్నాడు గంగాభవాని మంచం మీద కూర్చోగలిగింది. నారాయణమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు. కోడలి కోసం కొన్ని, కషాయం కోసం కొన్ని.

"నా మందెందుకే ఇలా తిరగబడింది?"

నిజం చెప్పాలని గంగాభవానికీ ఉంది. కానీ నిజం ఇదివరకు చెప్పి చూసింది. అది ట్రంకుపెట్టెలో ఉంది.

"మందు తిరగబడలేదత్తా. పథ్యం తప్పింది" అంది.

నారాయణమ్మ తలెత్తింది. వంకాయ ముట్టొద్దనో, పులుపు మానమనో చెప్పకుండా నాటుమందు ఇచ్చినవాళ్లు ఆవిడ కన్నవారి ఊళ్లో ఎవరూ లేరు. తను మందైతే ఇచ్చింది గానీ పథ్యం చెప్పనేలేదు. తప్పెక్కడుందో దొరికింది.

"ఏటా పథ్యం?"

"ఇంట్లో పొగ పనికిరాదు, సాంబ్రాణైనా సిగరెట్టైనా. తలగడలు ఎండలో వెయ్యాలి. ఎంత బాగున్నా రెండు పూటలా ఆ పంపు పీల్చాలి. ఊపిరి అందనప్పుడు పీల్చేది ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. నెలనెలా డాక్టరుకి చూపించుకోవాలి."

"ఇంత పథ్యమా" అంది నారాయణమ్మ భయభక్తులతో. "అయితే మందు శానా గట్టిదే. ముందే సెప్పొద్దేటే?"

ట్రంకుపెట్టె తెరుచుకుంది. అరుగు మీద సిగరెట్టు వెలిగించబోయిన గురునాథరావుని తల్లి వీధి మలుపు దాకా తరిమింది.

"డాక్టరు సెప్తే ఇనలేదు గదే అమ్మా, ఇప్పుడేటొచ్చింది?"

"డాక్టరు మాటకేటిరా? మందు నాది."

తర్వాత చాంద్ సుల్తానా తన తల్లి రసూల్ బీని తీసుకొచ్చింది. ఆమెదీ ఆయాసమే. కషాయం సీసాలో పోస్తూ నారాయణమ్మ పథ్యమంతా వల్లించింది.

"ఇదంతా నావల్ల కాదప్పా. ఉత్త మందియ్యి, తాగేత్తాను" అంది రసూల్ బీ.

"పథ్యం సెయ్యనోళ్లకి నాను మందివ్వను. ముందు ద్వారకా నగర్ ఎల్లి పంపు తెచ్చుకో, అప్పుడు రా."

రసూల్ బీ గొణుక్కుంటూనే వెళ్లింది. చాంద్ సుల్తానా గంగాభవాని వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నెల తిరగ్గానే కోడల్ని స్వయంగా వెంటబెట్టుకుని నారాయణమ్మ డాక్టరు దగ్గరికొచ్చింది. శ్రీరామ్మూర్తి గంగాభవాని ఊపిరి శ్రద్ధగా విన్నాడు.

"ఇంత క్రమం తప్పకుండా వాడేవాళ్లు నాకు తక్కువ. మీ వీధి నుంచి ఇంకొకావిడ కూడా వచ్చింది. ఎవరమ్మా మీకు ఇంత బాగా చెబుతున్నది?"

"నానే బాబూ" అంది నారాయణమ్మ. "నీ పథ్యం మంచిదే, పేరెట్టడానికి లేదు. పాపం, మందే లేదు నీకాడ. మొగమాటపడకుండా నీ రోగుల్ని నా దగ్గరికి పంపు."

శ్రీరామ్మూర్తి ఆవిడని చూసి, తర్వాత గంగాభవాని వైపు చూశాడు. ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"వచ్చే నెల ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది.