సీటు దించిన సైకిల్

పాపను వెనక కూర్చోబెట్టుకుని మా ఆయన గాలితో పందెం వేసినట్టు సైకిల్ తొక్కుతారేమోనన్నదే నాకున్న పెద్ద భయం. రెండు సైకిళ్ళు నడవంతా ఆక్రమించి పాప పాకడానికి చోటు లేకపోతే, రెండూ ఇచ్చేసి ఒకటే తెచ్చుకున్నాం. దాని సీటు ఇద్దరి ఎత్తుకీ మారుతుంది, వెనక పాపకు కుర్చీ కూడా ఉంది.

ఇవాళ పాపకు టీకా వేయించే వంతు ఆయనది. అందుకని పొద్దున్నే సీటు నా ఎత్తుకు దించి, బోల్టు బిగించి, పానా పాప బట్టల కింద దాచాను.

"పానా ఏదే? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి."

"మెల్లగా తొక్కితే తగలవు లెండి."

"పొట్టిదానివైనా గట్టిదానివే నువ్వు."

గొణుక్కుంటూనే వెళ్ళారు. దారిలో కనిపిస్తే ఆయన్ని చూసి నవ్వుకోండి, పరవాలేదు. పాపకు బెల్టు పెట్టారో లేదో మాత్రం ఒక్కసారి చూడండి.