ఈక ఎడమవైపు ఉండాలి

మూడు రోజులుగా మా నాన్న పక్కింటి బోర్తొలో పనిబల్ల మీద బట్టల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"కనీసం చొక్కా అయినా తొడగవయ్యా," అన్నాను.

"ముందు ఒళ్ళు, సిన్యోరా ఎర్సీలియా. ఒళ్ళు కుదరనివాడికి ఎంత మంచి కోటు వేసినా దండెం మీద ఆరేసినట్టే ఉంటుంది."

బొమ్మ మనిషి నా చూపుడు వేలంత పొడవు. లోపల సన్నని తీగ, దాని మీద ఆకుపచ్చ ముద్ద. నీలం, పసుపు ముద్దలు రెండూ కలిపి పిసికితే ఆ రంగు వస్తుంది, పూట గడిచేసరికి రాయిలా గట్టిపడుతుంది. కాళ్ళ కింద తీగను వైన్ సీసా బిరడాలో గుచ్చాడు. బోర్తొలో ఈ లోయలోని కళ్ళజోళ్ళ కార్ఖానాలో నలభై ఏళ్ళు ఫ్రేములు అరగదీశాడు. పని మానేశాక పాత యుద్ధ చిత్రాలు ముందు పెట్టుకుని సైనికుల బొమ్మలు చేస్తున్నాడు. అంత లావు వేళ్ళతో సూది మొనను నీళ్ళలో తడిపి మోకాలి చిప్ప దిద్దుతుంటే, నేను ఊపిరి కూడా మెల్లగా వదిలేదాన్ని.

నేనిచ్చిన చిత్రం ఆదివారం వారపత్రిక చివరి అట్ట. మంచులో ఆరుగురు ఆల్పీని, అంటే మా కొండ దళం సైనికులు, వాళ్ళతో ఒక కంచరగాడిద. నాన్న ఆ దళంతోనే పందొమ్మిది వందల నలభై రెండు వేసవిలో రష్యా యుద్ధానికి వెళ్ళాడు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. తిరిగి రాలేదు. మరుసటి శీతాకాలం ఈ అట్ట వచ్చింది. గాడిద మెడ మీద చెయ్యి వేసినవాణ్ణి చూపించి అమ్మ, "ఇదిగో మీ నాన్న," అంది. ఆ తర్వాతి ఏడు ఇల్లు తగలబడింది. ఫొటోలన్నీ పోయాయి. అమ్మ రవికలో దాచుకున్నందువల్ల ఈ అట్ట ఒక్కటే మిగిలింది. అమ్మ చనిపోయే రోజున కూడా దాన్నే చూసింది.

నేను మాత్రం ఎనభై ఏళ్ళుగా ఒక మాట కడుపులో దాచుకున్నాను. చిన్నప్పటినుంచి వాలు మీద గడ్డి మోపులు మోసి మోసి నాన్న కుడి భుజం కిందికి వంగిపోయింది. నన్నెప్పుడూ ఎడమ భుజం మీదే ఎక్కించుకునేవాడు, కుడివైపు కూర్చుంటే జారిపోతానని. ఆయన ముఖం గుర్తు లేదు గానీ ఆ జారడం గుర్తుంది. చిత్రంలో వాడికి వంగింది ఎడమ భుజం. అమ్మ పొరబడిందని, వాడు ఎవడో పరాయివాడని లోలోపల నాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పోయేలోపు చేత్తో తాకడానికి ఏదో ఒకటి ఉండాలని బోర్తొలోకు అట్ట ఇచ్చాను గానీ, ఇచ్చిన క్షణం నుంచి భయమే. ఇతను కళ్ళు మూసుకుని నకలు తీసే రకం కాదు, తప్పు కనిపిస్తే దిద్దుతాడు. దిద్దగా దిద్దగా నాన్న మిగలకపోతే? అందుకే రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా, పొయ్యి ఆర్పానో లేదో రెండుసార్లు చూసుకుని, వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేదాన్ని.

నాలుగో రోజు కోటు మొదలుపెట్టాడు. ముద్దను కాగితమంత పల్చగా వత్తి, భూతద్దం కింద అట్ట పెట్టి చూశాడు. చూసి నవ్వాడు.

"సిన్యోరా, మీ నాన్న ఆడవాళ్ళ కోటు వేసుకుని యుద్ధానికి వెళ్ళాడా?"

"నోరు కడుక్కో."

"మీరే చూడండి. బొత్తాలు ఏ పక్కనున్నాయో."

చూశాను. మగవాళ్ళ కోటుకు బొత్తాలుండే పక్కన కాజాలున్నాయి. నలభై ఏళ్ళు దర్జీ పని చేసి ఎన్ని వందల కోట్లకు బొత్తాలు కుట్టానో. ఇది మాత్రం నా కంటికి ఆనలేదు.

కాఫీ తెచ్చిన అతని భార్య ఓలింపియా తలుపు దగ్గరే ఆగింది. "ఇంట్లో ముప్పై ఇద్దరు సైనికులున్నారు సిన్యోరా, చెత్తబుట్ట బయట పెట్టేవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు ఆడసైనికులు కూడానా?"

బోర్తొలో ఆమె మాట వినలేదు. భూతద్దాన్ని టోపీల మీదికి జరిపాడు. అక్కడ అట్ట మడతపడి, రంగు రాలి, టోపీకి గుచ్చిన ఈక ఏదో మంచు గీత ఏదో తెలియకుండా ఉంటుంది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఈక కుడివైపుంది. ఆరుగురికీ. మన దళం పుట్టిన దగ్గర్నుంచీ ఈక ఎడమవైపే." బిరడా మీది మనిషిని చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఒళ్ళు పూర్తయ్యేదాకా బట్టల వైపు కన్నెత్తి చూడను, టోపీ అన్నిటికంటే ఆఖర్న. నా అలవాటే నా కొంప ముంచింది. మూడు రోజులు తప్పు మనిషిని చేశాను."

"అంటే మా నాన్న కాదనా?"

"అది కాదు. అచ్చువేసేటప్పుడు చిత్రం ఎడమ కుడిగా తిరగబడింది. ఓలింపియా, నీ చేతద్దం ఇలా తే."

అద్దంలో అట్టను చూపించాడు. గాడిద అటునుంచి ఇటు వచ్చింది. బొత్తాలు సరిగ్గా పడ్డాయి. ఈకలు ఎడమకు మారాయి. గాడిద మెడ మీద చెయ్యి వేసినవాడి కుడి భుజం కిందికి వంగి ఉంది.

నేను లేచి అద్దం మీదికి వంగాను. ఓలింపియా కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పాను. గడ్డి మోపులు, ఎడమ భుజం, జారడం, అమ్మకు చెప్పని మాట, అన్నీ.

బోర్తొలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సిన్యోరా, నేను అబద్ధం చెప్పను. ఇది సాక్ష్యం కాదు. ఈ చిత్రం వేసినవాడు పట్నంలో పొయ్యి పక్కన కూర్చుని వేసుంటాడు. ఆరుగురికీ ఒకటే ముక్కు పెట్టాడు, చూడండి."

"తెలుసు."

"అయినా?"

"అయినా మా అమ్మ పొరబడలేదు. ఆ భుజం చూసే చూపించింది. నేనే అనుమానించాను."

అతను పటకారు తీసుకుని మూడు రోజుల పనిని చీలమండల దగ్గర తుంచి పక్కన పెట్టి, కొత్త తీగ వంచడం మొదలుపెట్టాడు. నిట్టూర్పైనా లేదు.

"నా మాట మీద ఎప్పుడైనా ఇంత తొందరగా దిద్దుకున్నావా?" అంది ఓలింపియా.

"నీ మాటకు ఈక లేదుగా."

తీగ వంచుతూనే నన్ను అడిగాడు. "చిత్రంలో అందరూ ఎదురుగానే ఉన్నారు. బొమ్మకు వీపు కూడా కావాలి. వెనకనుంచి ఎలా ఉంటాడో మీరే చెప్పాలి."

నా దగ్గర ఉన్నది అదొక్కటే. స్టేషన్లో జనం మధ్య వెళ్ళిపోతున్న వీపు. సంచి మీద చుట్టిన దుప్పటి. సంచి పట్టీకి అమ్మ గళ్ళగుడ్డలో మొక్కజొన్న పిండితో చేసిన పొలెంటా ముక్కలు, జున్ను మూటగట్టి వేలాడదీసింది. ముడి కొసలు రెండూ కుందేలు చెవుల్లా నిలబడ్డాయి. నేను పిలిచాను. ఇంజను కూతలో వినపడలేదేమో, ఆయన వెనక్కి తిరగలేదు.

"కుందేలు చెవులు," అని గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. "ముడి మీ అమ్మ కుడిచేత్తో వేసేదా, ఎడంచేత్తోనా?"

"ఎడంచేత్తో."

అదీ రాసుకున్నాడు.

రెండు వారాలు నన్ను రానివ్వలేదు. తర్వాత ఒక ఉదయం బోర్తొలో తనే వచ్చి మా తలుపు తట్టాడు. బిరడాను రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. బొమ్మ వీపు నావైపుంది.

"రంగు తర్వాత వేస్తాను. ముందు మీరు చూడాలి."

భూతద్దం ఇచ్చాడు. దుప్పటి చుట్ట, దాని అంచున కుట్టు. గోధుమ గింజంత మూట, ఎడంచేతి ముడి, నిలబడ్డ రెండు చెవులు. కుడి భుజం వంగి ఉంది. కోటు మడతలన్నీ ఆ వంపు వైపే జారుతున్నాయి. ఎడమ భుజం మీద ఒకచోట మాత్రం మడతల్లేవు, గుడ్డ నునుపుగా, కొంచెం పల్లంగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"అరుగుదల. రోజూ ఎవరో ఎక్కి కూర్చునేవాళ్ళు కదా. దళంలో ఇచ్చిన కొత్త కోటుకి అలా ఉండదు, నాకు తెలుసు. మా బొమ్మల క్లబ్బువాళ్ళు చూస్తే తప్పు పడతారు. పట్టనివ్వండి."

చిటికెన వేలి గోరుతో ఆ పల్లాన్ని తాకాను. చల్లగా, గట్టిగా ఉంది.

"ముఖం మాత్రం అట్టలోదే సిన్యోరా. నాకు ఇంకో ముఖం తెలియదు."

"నాకూ తెలియదు," అన్నాను.

"తిప్పి చూడండి. గట్టిపడింది, ఏం కాదు."

అతను సాయానికి రాబోయాడు, వద్దన్నాను. బిరడాను రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా, ఆయన్ని నావైపు తిప్పాను.