కొండలరావుకి ఏమైంది

పన్నెండు మందికి పెసరట్లు పోసి, స్నానాల గదులు కడిగి, హాల్లో చాపలు దులుపుతుంటే ఆయన వచ్చి, "వాళ్లొచ్చినప్పుడు నువ్వు బయటికి రాకు" అన్నారు.

తాగుడు మానినవాళ్లు ఇళ్లకు వెళ్లేముందు కొన్ని నెలలు ఉండే ఇల్లు మాది, బందరులో. మా ఆయన శోభనాద్రి కూడా ఒకప్పుడు తాగేవారే. మానేసిన ఏడాదికి దీన్ని పెట్టారు. దండలు ఆయనకి పడ్డాయి. వంటా, బట్టలుతకడమూ, వాంతులెత్తడమూ నాకు వచ్చాయి. "మా ఆవిడకి ఊరికే కూర్చుంటే తోచదండీ" అనేవారు. తాగి కొట్టిన మనిషి తాగకుండా మాట్లాడుతున్నాడు, అదే చాలనుకునేదాన్ని.

అయిదేళ్లలో ఏ ఆఫీసరూ వచ్చి చూడలేదు. ఇలాంటి ఇళ్లు నడిపేవాళ్ల సంఘమొకటి, పిలిస్తే వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తుందని తెలిసి ఈయనే పిలిచారు. ఇవాళ వాళ్ల తరఫున వేదశ్రీ గారని ఒకామె వచ్చారు.

"పనిచేసేవాళ్లెంతమందండీ?"

"నేనొక్కణ్ణే."

"ఇక్కడ ఎవరైనా చనిపోయారా?"

"లేదండీ."

వంటగదిలో విన్నాను.

కొండలరావుది పాలకాయతిప్ప. సముద్రం మీద వేటకెళ్లే మనిషి. అక్కా అంటూ నాతోపాటు గిన్నెలు కడిగేవాడు. ఇన్నేళ్లలో నా పనిలో చెయ్యేసిన మగవాడు అతనొక్కడే. మొన్న శ్రావణంలో ఇంటికెళ్లి, వారం రోజులు తాగి తిరిగొచ్చాడు. ఈయన వెనక గదిలో పెట్టి తాళం వేశారు. మందు ఒక్కసారిగా ఆగేసరికి రెండోరోజు పొద్దున మూర్ఛలొచ్చాయి. ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను. "ఊళ్లో పరువేం కావాలి? అదే తగ్గుద్ది. నీకేం తెలుసు" అని, తాళంచెవి నా చేతిలో పెట్టి, గుడివాడలో మీటింగుకి వెళ్లారు. నేనొచ్చేదాకా తియ్యొద్దన్నారు.

కాస్త తెలివొచ్చాక "అక్కా, నీళ్లు" అన్నాడు. కిటికీలోంచి ఇచ్చాను. పదహారేళ్ల కాపురంలో ఆయన వద్దన్న పని చెయ్యడం నాకు అలవాటు కాలేదు. అతను పిలుస్తూనే ఉన్నాడు, నేను తలుపు ముందే నిలబడ్డాను. మధ్యాహ్నానికి పిలుపు ఆగిపోయింది. అప్పుడు తీశాను.

నిద్రలో గుండె ఆగిందని అతని భార్య సాయిదుర్గకి ఈయన చెప్పారు. ఆమె నా చేతులు పట్టుకుని, "నువ్వు దగ్గరున్నావు గదక్కా, అంతే చాలు" అంది.

ఇప్పుడు హాల్లో వేదశ్రీ గారు సంతకం పెట్టబోతున్నారు. చేతులు తుడుచుకుని వెళ్లాను.

"కాఫీ తెస్తుందండీ" అన్నారు ఈయన.

"పనిచేసేవాళ్లం ఇద్దరమండీ" అన్నాను. "ఇక్కడ కొండలరావని ఒకతను చనిపోయాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది."

ఈయన లోపలికి వెళ్లమన్నారు. వేదశ్రీ గారు కలం మూతపెట్టి, నాకు కుర్చీ జరిపారు. నేను కూర్చోలేదు.

"మీరు తర్వాత రాసుకోండి. పాలకాయతిప్ప వెళ్లి, ముందు వాళ్లావిడకి చెప్పాలి."